ఉత్తరించు స్థలానికి బైబిల్లో ఆధారం ఉందా?

నవంబర్ 2న, సమాధుల పండుగ నాడు, కతోలిక కుటుంబాలు చనిపోయినవాళ్ల ఆత్మశాంతికి దివ్యపూజ చేయిస్తాయి. ప్రొటెస్టెంటు బంధువులు మాత్రం ‘దీనికి వాక్యం చూపించండి’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే జవాబు వెతికే ముందు ఒక అపోహ తొలగాలి. ఉత్తరించు స్థలం అంటే నరకానికి పోవాల్సినవాళ్లకు దొరికే రెండో అవకాశం కాదు. దేవుని కృపలో కన్నుమూసినా ఇంకా పూర్తిగా శుద్ధి కానివాళ్లు పరలోకం చేరేముందు పొందే శుద్ధీకరణ అనే కతోలిక సంఘం బోధిస్తుంది. అక్కడున్నవాళ్ల రక్షణ ఖాయం. కాబట్టి లూకా 16లో ధనవంతుడికీ లాజరుకూ మధ్య ఉన్న అగాధాన్ని చూపించి ఈ సిద్ధాంతాన్ని కొట్టేయలేం. ఆ అగాధం దాటలేనిదని కతోలికులూ ఒప్పుకుంటారు.

‘ఉత్తరించు స్థలం’ అనే పేరుతో ఒక చోటు బైబిల్లో ఎక్కడా కనిపించదు. కతోలికులు ముందుగా చూపించేది మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం. యుద్ధంలో కూలిన తన సైనికులను పూడ్చిపెట్టడానికి యూదుల సేనాని యూదా మక్కబీయుడు వెళ్తాడు. శవాల అంగీల కింద యామ్నియా విగ్రహాల తాయెత్తులు బయటపడతాయి. అతను సుమారు 2,000 ద్రాక్మాల వెండి పోగుచేసి, వాళ్ల కోసం పాపపరిహార బలి అర్పించమని యెరూషలేముకు పంపుతాడు. మృతుల కోసం ప్రార్థించే అలవాటు క్రీస్తుకు ముందే కొందరు యూదుల్లో ఉండేదనడానికి ఇది గట్టి సాక్ష్యం. ఈ మాట కాదనలేం.

కానీ ఇందులోంచి ఉత్తరించు స్థలాన్ని రాబట్టడం అంత సులువు కాదు. రచయిత యూదాను మెచ్చుకున్నది అతను పునరుత్థానాన్ని నమ్మాడని. చనిపోయినవాళ్లు ఇప్పుడెక్కడో శుద్ధి అవుతున్నారని ఆ రచయిత రాయలేదు. పైగా ఆ సైనికులది విగ్రహారాధన. కతోలిక బోధ ప్రకారమే అది చావైన పాపం. పశ్చాత్తాపం లేకుండా అందులో చనిపోయినవాళ్లకు శుద్ధీకరణ వర్తించదు. దీనికి తోడు, ప్రొటెస్టెంట్ల 66 పుస్తకాల పరిశుద్ధ గ్రంథంలో మక్కబీయుల గ్రంథాలు లేవు, కతోలికుల 73 పుస్తకాల్లో ఉన్నాయి. 1519లో లైప్‌జిగ్ వాదంలో కతోలిక పండితుడు యోహాన్ ఎక్ ఈ భాగాన్నే ముందుపెడితే, సిద్ధాంతం నిలబెట్టడానికి ఆ పుస్తకం ప్రమాణం కాదని సంస్కర్త లూథర్ తోసిపుచ్చాడు.

ఇరువర్గాల బైబిల్లోనూ ఉన్న భాగం 1 కొరింథీయులు 3. దీన్ని నిదానంగా చదవాలి. కొరింథు విశ్వాసులు ‘నేను పౌలు మనిషిని, నేను అపొల్లో మనిషిని’ అని వర్గాలుగా చీలిపోయారు. అప్పుడు పౌలు సంఘాన్ని కట్టే పనివాళ్ల గురించి చెబుతాడు. పునాది క్రీస్తే. దానిమీద ఒకరు బంగారంతో, వెండితో కడతారు, ఇంకొకరు కర్రతో, గడ్డితో కడతారు. తీర్పు దినాన అగ్ని ప్రతి పనినీ పరీక్షిస్తుంది. పని కాలిపోయినవాడు నష్టపోతాడు, అయినా అగ్నిలోంచి తప్పించుకున్నవాడిలా రక్షణ పొందుతాడు. ఇక్కడ కాలేది పని. మనిషి కొంతకాలం మంటలో ఉండి శుద్ధి అవుతాడని పౌలు చెప్పలేదు. పైగా ఇది తీర్పు దినాన జరిగేది. చనిపోయిన మర్నాటి నుంచి మొదలయ్యే శుద్ధీకరణ ఇందులో నాకు కనిపించదు.

పవిత్రాత్మకు వ్యతిరేకంగా చేసిన పాపానికి ఈ యుగంలోనూ రాబోయే యుగంలోనూ క్షమాపణ లేదనే మత్తయి 12:32 కతోలికులు చూపించే మరో వచనం. అలాగైతే మిగతా పాపాలకు అప్పుడు క్షమాపణ ఉందన్నమాటే కదా అని కొందరి తర్కం. ‘ఎప్పటికీ లేదు’ అని నొక్కి చెప్పిన మాటలోంచి ఇంత పెద్ద సిద్ధాంతం తీయడం అతి.

మరి బైబిల్లో ఏ ఆధారమూ లేదా? ఈ సిద్ధాంతం వెనకున్న ప్రశ్న మాత్రం బలంగా ఉంది. అపవిత్రమైనదేదీ పరలోక నగరంలో అడుగుపెట్టదని ప్రకటన 21:27 అంటుంది. క్షమాపణ పొందినా కోపం, అసూయ వదలని మనం అక్కడికి ఎలా వెళ్తాం? సిలువ మీది దొంగకు ఆ రోజే పరదైసు దొరికిందని, క్రీస్తు రక్తమే చాలునని ప్రొటెస్టెంట్లు అంటారు. ఆ రక్తపు ఫలమే శుద్ధీకరణ అని కతోలికులు అంటారు. దాన్ని వాళ్లు ఒక్క వచనం మీదే నిలబెట్టరు, సంఘ సంప్రదాయాన్నీ ప్రమాణంగా తీసుకుంటారు. ప్రాచీన సంఘపితరుడు అగస్టీను చనిపోయిన తన తల్లి మోనికా కోసం ప్రార్థించమని తన పాఠకులను కోరాడు. మృతుల కోసం ప్రార్థన అంత పాతది. ఆర్థడాక్స్ సంఘాలు ఇప్పటికీ ప్రార్థిస్తాయి, కానీ శుద్ధిచేసే అగ్నిని ఒప్పుకోవు. 1438లో ఫెర్రారా మహాసభలో గ్రీకు ఆర్థడాక్సులూ లాటిన్ కతోలికులూ 1 కొరింథీయులు 3 మీదే వాదించుకున్నారు.

మరుసటి ఏడాది ఆ ఇరువర్గాలూ ఫ్లోరెన్స్‌లో కుదుర్చుకున్న ఒప్పందంలో శుద్ధిచేసే శిక్షల మాట ఉంది, అగ్ని మాట లేదు. 1563లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ ఉత్తరించు స్థలం ఉందని, అక్కడి ఆత్మలకు మన ప్రార్థనలు, ముఖ్యంగా దివ్యపూజ తోడ్పడతాయని మాత్రం ప్రకటించింది. సామాన్యులకు చేసే ప్రసంగాల్లో ఈ విషయంపై చిక్కు ప్రశ్నలు తేవద్దని, వట్టి కుతూహలం, మూఢనమ్మకం, నీచమైన ధనాశ అంటుకున్న వాటిని నిషేధించమని బిషప్పులను అదే తీర్మానంలో ఆదేశించింది.