వేయవ వంతు: ఆసిలోస్కోపు ప్రోబు చరిత్రము

ధవళేశ్వరమున గోదావరికి వరద వచ్చినపుడు, ఆనకట్టకడ నీటిమట్టము 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు వెలువడునని లంకగ్రామములలోని పిల్లలకు సైతము తెలియును. ఆ మట్టమును చూపు కొలబద్ద నదిలో నిలిచియుండియు నదిని మార్పజాలదు. దానిమీది అంకెకు పగలైనను రేయైనను ఒకటే అర్థము. విద్యుత్తును కొలుచువానికి ఈ రెండు సౌకర్యములును లేవు. అతడు తగిలించు పరికరము తాను తాకిన వలయమును ఎంతో కొంత మార్చియే తీరును. దానిపై అచ్చువేసిన వోల్టేజి పరిమితియు పౌనఃపున్యము పెరిగినకొలదిని దిగిపోవుచుండును. ఆ పరికరమే ఆసిలోస్కోపు ప్రోబు. తెర గల పెద్ద యంత్రమునకు దక్కిన కీర్తిలో లేశమైనను దీనికి దక్కలేదు గాని, అధిక వోల్టేజి చెంత కొలతయొక్క సత్యమును, కొలుచువాని ప్రాణమును ఈ చిన్న వస్తువునే ఆశ్రయించియున్నవని నా దృఢవిశ్వాసము.

1897లో స్ట్రాస్‌బుర్గు నగరమున కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు కాథోడ్ కిరణనాళమును నిర్మించి, చంచలమైన విద్యుత్తరంగమును కంటికి కనుపింపజేసెను. ఆ తొలినాళ్లలో ప్రోబు అనునది వేరుగా లేదు. తీగలను తిన్నగా తగిలించెడివారు. వోల్టేజి మిక్కుటమైనపుడు రెండు రెసిస్టర్లను వరుసగా కలిపి, చిన్నదాని కొనలనుండి తగిన అంశమును మాత్రము గ్రహించెడివారు. మందగతి తరంగములకు ఈ ఉపాయము చాలినది. కాని ప్రతి తీగకును, ప్రతి యంత్రముఖమునకును అనివార్యముగా కొంత కెపాసిటెన్సు ఉండును. అది త్వరితస్పందనములను తనలో నింపుకొని వాని అంచులను మొద్దుబార్చును. 1946లో అమెరికాలోని పోర్ట్‌లాండున హొవార్డ్ వోలమ్, జాక్ మర్డాక్ ప్రభృతులు టెక్ట్రానిక్స్ సంస్థను నెలకొల్పి, మరుసటి యేడు 511 అను ఆసిలోస్కోపును తెచ్చిన పిమ్మట, యంత్రముల వేగము పెరిగినకొలదిని ఈ దోషము మరింత స్ఫుటమయ్యెను. దానికి విరుగుడు మనోహరమైనది. యంత్రముఖమున 10 లక్షల ఓముల నిరోధము ఉండగా ప్రోబులో 90 లక్షల ఓములుంచి పదవ వంతును గ్రహించుచు, ఆ పెద్ద నిరోధమునకు జతగా ఒక చిన్న కెపాసిటరును చేర్చి, ఇరుప్రక్కల నిరోధ కెపాసిటెన్సుల లబ్ధము సమానమగువరకు దానిని సవరించినచో, మందతరంగమును శీఘ్రతరంగమును ఒకే నిష్పత్తిలో విభజింపబడును. యంత్రముపైనున్న చతురస్రతరంగపు కొక్కెమునకు ప్రోబును తగిలించి, సన్నని స్క్రూడ్రైవరుతో మరను త్రిప్పుచు తెరమీది మూలలు నిటారగువరకు చూచుట ఈ సవరణమే. ప్రోబును ఒక యంత్రమునుండి మరియొకదానికి మార్చినపుడెల్ల దీనిని చేయవలసినదే.

ఈ విద్యకు మన డెల్టాతో ఒక బాంధవ్యము కలదు. ధవళేశ్వరపు ఆనకట్ట నీటితో పండెడి పశ్చిమ డెల్టాలో, భీమవరము ప్రాంతమునందలి మొగల్లు గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, స్టాన్‌ఫర్డునను చదివి, హోమీ భాభాగారి అండను ట్రాంబే అణుపరిశోధన కేంద్రములో ఎలక్ట్రానిక్స్ విభాగమును తీర్చిదిద్దిరి. 1956 ఆగస్టు 4వ తేదీన పనిచేయనారంభించిన అప్సర అణురియాక్టరు నియంత్రణవ్యవస్థ వారి నేతృత్వముననే రూపొందినది; 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ తయారీ సంస్థయైన ఈ.సీ.ఐ.ఎల్.కు వారే ప్రథమ సారథులైరి. అణుపరికరముల లోకమున ప్రోబు సమస్య నిత్యసమస్య. వికిరణమును పసిగట్టు గైగర్ నాళమునకు వందలకొలది వోల్టులు లక్షల ఓముల నిరోధము గుండ అందుచుండును. అందు పుట్టు స్పందనము మైక్రోసెకండ్లలో ముగియును. దానికి సామాన్యపు ప్రోబును తగిలించినచో, ఆ ప్రోబు నిరోధమే నాళమునకు చేరవలసిన వోల్టేజిని కొంత హరించి, పరీక్షింపబోయిన నాళమునే మూగబుచ్చవచ్చును. తరువాత ఆ సంస్థవారి ఈసీ టీవీలు తెలుగు ఇండ్లలోనికి వచ్చినపుడు, సెకనుకు 15,625 మారులు స్పందించు ట్రాన్స్‌ఫార్మరు నుండి పుట్టిన పదివేల వోల్టులకు మించిన ఒత్తిడి, చెక్కపెట్టె మాటున, పిల్లలు వార్తలు చూచు గదిలోనే నివసించెను. సాంకేతిక గ్రంథములలోని అధిక వోల్టేజి ఇంటింటి వస్తువైనది.

అధిక వోల్టేజి యనుట ఒకటి, అధిక పౌనఃపున్యమనుట మరియొకటి; రెండును కూడినపుడే అసలు చిక్కు. పదవ వంతు ప్రోబు నిరోధము కోటి ఓములని దానిపై వ్రాసియుండును. ఆ మాట స్థిరవిద్యుత్తుకే చెల్లును. ప్రోబు మొనకడ 10 పికోఫారడ్ల కెపాసిటెన్సు ఉన్నదనుకొన్నచో, 1 మెగాహెర్ట్సు వద్ద దాని అవరోధము సుమారు 16,000 ఓములు. 10 మెగాహెర్ట్సుల వద్ద 1,600 ఓములు మాత్రమే. 300 వోల్టులకు తగినదని ముద్రవేసిన ప్రోబును ఆ వేగమున 300 వోల్టులకు తగిలించినచో, దాదాపు ఆంపియరులో ఐదవ వంతు కరెంటు ఆ సన్నని తీగలో ప్రవహించి, లోపలి భాగములను కాల్చును. అందుచేతనే మంచి తయారీదారులు పౌనఃపున్యముతోబాటు పరిమితి తగ్గుదలను చూపు వక్రరేఖను గ్రంథస్థము చేయుదురు. ప్రోబును ఎన్నుకొనువాడు మొదట చదువవలసినది ఆ వక్రరేఖనే; పిడిమీది అంకెను కాదు. మన ఇంటి 230 వోల్టులు సైతము శిఖరమున 325 వోల్టులని మరువక, శిఖర విలువతోనే లెక్క వేయవలయును.

వేలకొలది వోల్టులకై పుట్టిన వేయవ వంతు ప్రోబులలో టెక్ట్రానిక్స్‌వారి పీ6015 సుప్రసిద్ధము. పొడవైన దాని దేహములో తొలుత ఫ్రియాన్ జాతి ద్రవ్యమును నింపి, మెరుపు దాటకుండ కాపాడెడివారు. తరువాతి పీ6015ఏలో ఘనమైన సిలికోను ఆ పని నిర్వహించినది. దానికి 10 కోట్ల ఓముల నిరోధము, 3 పికోఫారడ్ల కెపాసిటెన్సు, 75 మెగాహెర్ట్సుల వేగము. స్థిరవిద్యుత్తులో 20,000 వోల్టులను, స్వల్పకాలిక స్పందనములో 40,000 వోల్టులను సహించును. ఇంతటి దానికైనను 20,000 వోల్టుల శిఖరమును 10 మెగాహెర్ట్సుల వద్ద చూపినచో, సుమారు నాలుగు ఆంపియర్లు అందు ప్రవేశింపజూచును! మెగాహెర్ట్సుల సీమలో దాని పరిమితి అచ్చువేసిన అంకెలో స్వల్పాంశమునకు దిగుట ఇందుచేతనే.

ఇక ఎర్తు సంగతి. నేడు రాజమహేంద్రవరమున ఏ మరమ్మతు దుకాణమునకు పోయినను ఇండక్షన్ పొయ్యిలు బారులు తీరియుండును. పొయ్యి లోపలి సర్క్యూటు పలకలో ఇంటి విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మరు అడ్డు లేకయే ఏకముఖమై, సెకనుకు ఇరువదివేల పైచిలుకు మారులు ఆడుచు, స్విచ్చింగు ట్రాన్సిస్టరు కడ వేయి వోల్టుల దరిదాపులకు లేచును. ఆ పలకమీది ‘గ్రౌండు’ భూమి కాదు. ఆసిలోస్కోపు ప్రోబు మొసలినోటి క్లిప్పు మాత్రము యంత్రపు మూడవ పిన్ను గుండ నిజముగా భూమికే బంధింపబడియున్నది. ఈ రెంటిని కలిపిన తోడనే షార్టు సర్క్యూటు. దీనిని తప్పించుకొనుటకై ఆ మూడవ పిన్నును విరుగగొట్టెడి దురాచారము చాలచోట్ల కలదు, అది మాన్పదగినది. అపుడు షార్టు తప్పును గాని, యంత్రపు లోహదేహమంతయు పొయ్యిపలకతో సమానమైన వోల్టేజిని ధరించి, దానిని తాకిన చేతికై వేచియుండును. ఇచ్చట ఉచితమైనది డిఫరెన్షియల్ ప్రోబు. దాని రెండు తీగలును అధిక నిరోధములు గలవే; వాని నడుమనున్న భేదమును మాత్రమే అది యంత్రమునకు పంపును. దానినెన్నునపుడు భేదపు పరిమితితోబాటు, ఒక్కొక్క తీగ భూమినుండి ఎంత ఎత్తున నుండవచ్చునో ఆ పరిమితిని గూడ విచారింపవలయును. ఇరుతీగలకు ఉమ్మడియైన వోల్టేజిని త్రోసిపుచ్చు శక్తి వేగముతో క్షీణించును గనుక, తెరమీద వింత అలలు కనబడినపుడు, రెండు కొనలను ఒకే బిందువునకు తగిలించి చూచుట ఉత్తమము. అపుడును అలలు నిలిచియున్నచో, అవి పొయ్యివి కావు, ప్రోబువి.

అట్టి మాయాతరంగమునకు మరియొక మూలము పొడవైన ఎర్తు తీగ. 15 సెంటీమీటర్ల తీగకు సుమారు 150 నానోహెన్రీల ఇండక్టెన్సు ఉండును. అది 10 పికోఫారడ్లతో కూడి 130 మెగాహెర్ట్సుల చెంత తానే మ్రోగును. క్రొత్తగా వచ్చిన సిలికాన్ కార్బైడు స్విచ్చులు వందల వోల్టులను నానోసెకండ్లలో మార్చుచున్నవి గనుక, ఈ మ్రోత స్విచ్చుదో తీగదో తేల్చుట కష్టమైనది. తీగను తుంచి పొట్టి స్ప్రింగును వాడుట మొదటి మందు. 2016లో టెక్ట్రానిక్స్‌వారు తెచ్చిన ఐసోవ్యూ ప్రోబులలో సంకేతము కాంతిగా మారి గాజుతంతువు గుండ ప్రయాణించును. కొలుచు యంత్రమునకును కొలువబడు వలయమునకును నడుమ లోహబంధమే యుండదు. వాని వెల మరమ్మతు దుకాణమునకు అందునది కాదు. పొయ్యిపలకకు మంచి డిఫరెన్షియల్ ప్రోబు చాలును. దానిని విద్యుత్తు ఆపి, కెపాసిటరులో నిలిచిన చార్జి పోయినదని మీటరుతో నిశ్చయించుకొని తగిలించి, చేతులు వెనుకకు తీసికొనిన పిదపనే స్విచ్చు వేయవలయును.