మార్లవాయి నుంచి గురుకులం దాకా

పేదింటి పిల్లవాడు బడికి ఒంటరిగా రాడు. వాడి ఆకలి, వాడి జ్వరం, ఇంటి భాష, ఇంటి అప్పు అన్నీ వాడి వెంటే వస్తాయి. వాటిని పట్టించుకోకుండా పాఠమొక్కటే చెబితే ఆ చదువు ఎన్నాళ్లో నిలవదు. అమెరికాలో వైద్యం, తిండి, మానసిక ఆసరా బడిలోనే అందించే కమ్యూనిటీ స్కూళ్లకు కాలిఫోర్నియా ప్రభుత్వం 2021 నుంచి 400 కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. మన కరీంనగర్, ఆదిలాబాద్ గడ్డకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు.

1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల కష్టమేమిటో తెలుసుకుని రమ్మని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గోండుల మధ్యే కాపురమున్నారు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండిలో వాచకాలు తయారయ్యాయి. మరోపక్క భూమి పట్టాల పనీ సాగింది. సాగు భూమి చేజారిన తండ్రి బిడ్డను బడికి పంపలేడని, పశువుల వెంట తోలుతాడని వాళ్లు గ్రహించారు.

మంథని నుంచి శాసనసభకు వెళ్లిన మన వంగర పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా, 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల తెరుచుకుంది. చదువు, తిండి, బస ఒక్కచోటే, ఖర్చు సర్కారుది. నేటి ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలన్నీ ఆ బాటలో వచ్చినవే. ఆదిలాబాద్ గూడేల పిల్లలకు గిరిజన సంక్షేమ శాఖ ఆశ్రమ పాఠశాలలూ ఉన్నాయి.

అయితే పద్ధతి ఎంత మంచిదైనా నడిపించేది నెలనెలా వచ్చే పైసలే. 2024 చివర తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్లు, గురుకులాల్లో పిల్లల తిండికిచ్చే డైట్ ఛార్జీలను 40 శాతం పెంచింది. 3 నుంచి 7వ తరగతి పిల్లలకు నెలకు 950 రూపాయలున్నది 1,330 అయింది. పెరిగాక కూడా లెక్క చూడండి: రోజుకు 44 రూపాయలు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చిరుతిండి, రాత్రి అన్నం అన్నీ అందులోనే. కూరగాయల ధర పెరిగినా, బిల్లు ఆలస్యమైనా ముందు పలచబడేది పప్పే. అదే ఏడాది వాంకిడి ఆశ్రమ పాఠశాలలో తిండి వికటించి పిల్లలు అస్వస్థులయ్యారు. ఒక చిన్నారి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో కన్నుమూసింది. వంటగది శుభ్రత, తాగునీరు, రాత్రిపూట అందుబాటులో నర్సు ఇవన్నీ చదువులో భాగమేనని ఆ బిడ్డ చావు చెబుతోంది.

అందుకే విదేశాల్లోని మన సోదర సోదరీమణులకు ఒక మనవి. సొంతూరి బడికి గది కట్టించడం, కంప్యూటర్లు ఇవ్వడం పుణ్యమే. దాంతోపాటు ఏటా ఆగకుండా సాగే ఆసరా కావాలి: ఆడపిల్లలకు రక్తహీనత పరీక్షలు, కోలామీ, గోండి భాషలు తెలిసిన విద్యా వాలంటీర్లు, పిల్లల దిగులు వినే కౌన్సెలర్. అయితే దాతలిస్తున్నారు కదా అని సర్కారు తన చెయ్యి వెనక్కి తీసుకోరాదు. మన సాయం ప్రభుత్వ నిధికి తోడు కావాలేగాని బదులు కారాదు. డైట్ ఛార్జీలను ఏటా ధరలకు తగ్గట్టు సవరించాలనీ, బిల్లులు నెల తిరక్కుండా చెల్లించాలనీ మన సంఘాలు గట్టిగా అడగాలి. గోండు గూడెం పిల్లకు బడిలో కడుపునిండా తిండి, వేళకు మందు దొరకడం ఎవరి దయా కాదు, ఆమె హక్కు.