తొమ్మిదడుగుల ఏరియల్... పదిహేనడుగుల తీగ

జ్యోతినగర్: బండికి వైర్‌లెస్ సెట్టు బిగించడం అరగంట పని. దాని ఏరియల్ ఎక్కడ నిలబెట్టాలన్న దానిపై మాత్రం ఇక్కడ రాజీవ్ రహదారి పక్కనున్న ఒక షెడ్డులో పూటంతా పంచాయితీ నడిచింది.

బండి ఈ విలేఖరి బావమరిదిది. పికప్ వ్యాను. కొన్నాళ్లు ఎరువుల బస్తాలు, పత్తి. కొన్నాళ్లు ఓపెన్‌కాస్టు గనుల్లో కాంట్రాక్టర్ల కింద కిరాయి. సెల్‌ఫోను సరిగా అందని చోట్ల తోటి బండ్లతో మాట్లాడుకోవడానికి 'సీబీ' సెట్టు పెట్టించాలని అతని కోరిక. సీబీ అంటే సిటిజన్ బ్యాండ్, సామాన్య జనం వాడుకునే రేడియో. అమెరికాలో 1958 నుంచి 27 మెగాహెర్ట్‌జ్ మీద నడుస్తోంది. 1973లో చమురు కరువు వచ్చినప్పుడు డీజిల్ ఏ బంకులో దొరుకుతుందో, పోలీసులు ఎక్కడ కాపు కాశారో లారీ డ్రైవర్లు దీంట్లోనే చెప్పుకున్నారు. మన దేశంలో 2005లో 5 వాట్ల లోపు సెట్లకు కొన్ని షరతులతో లైసెన్సు మినహాయించారు. బండిపై బయటి ఏరియల్ బిగించేవారు ఆ షరతులు తమకు వర్తిస్తాయో లేదో వైర్‌లెస్ అధికారులను అడిగి తెలుసుకున్నాకే డబ్బు తీయాలి.

ఏరియల్ చోటు తేలాకే సెట్టు కొందామన్నాడు మెకానిక్. వెనకటికి జీపులకు వైర్‌లెస్ సెట్లు బిగించిన చెయ్యి అతనిది.

"ముందర బంపర్‌కు పెడదామా అన్నా?" అన్నాడు బావమరిది.

"బంపర్‌కు పెడితే సగం ఏరియల్ ఇంజన్ రేకు చాటుకే పోతది తమ్మీ. అద్దం కాడ పెడితే ఒక దిక్కే ఇనబడుతది. నడి నెత్తిన పెట్టు" అన్నాడతను.

ఇందులో కిటుకు ఉంది. మనకు పైకి కనిపించే కమ్మీ ఏరియల్‌లో సగమే. మిగతా సగం దాని కింద పరుచుకున్న రేకు. చుట్టూ రేకు సమానంగా ఉంటే మాట అన్ని దిక్కులకూ సమానంగా పోతుంది. మూలన పెడితే రేకు ఎక్కువగా ఉన్న వైపు జోరుగా, మిగతా వైపు నీరసంగా పోతుంది. వెనక ఎడమ మూలన బిగించిన ఏరియల్ ముందు కుడి వైపు బాగా పలుకుతుంది. కనుక పికప్‌లో క్యాబిన్ నెత్తి నడుమ చోటే మేలు.

వెనక తొట్టికి బిగించేవారు ఇంకొకటి గమనించాలి. తొట్టి, క్యాబిన్ విడి ముక్కలు. నడుమ రబ్బరు బుష్‌లు, తుప్పు, పెయింటు ఉంటాయి. రెంటినీ రాగి అల్లిక పట్టీతో కలపకపోతే కింది సగం లేనట్టే. బిగించే చోట పెయింటు గీకి ఇనుము తేలేదాకా తుడవాలి. ఇంట్లో మిగిలిన టీవీ వైరు పనికిరాదు. అది 75 ఓమ్‌లది; సెట్టుకు కావలసింది 50 ఓమ్‌ల కేబుల్.

ఇక పొడవు. 27 మెగాహెర్ట్‌జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. అందులో నాలుగో వంతు ఏరియల్ నిండుగా పనిచేస్తుంది. అంటే తొమ్మిదడుగులు! తొమ్మిదడుగులెంతో కంటికి తెలియాలని మెకానిక్ ఒక ఎండు వెదురు కర్ర కొలిచి కోసి, క్యాబిన్ మీద నిలువునా కట్టాడు. "ఊరిదాక పోయి రా తమ్మీ, ఏడ తాకుతదో సూడు" అన్నాడు.

రహదారి మీద ఏమీ తాకలేదు. పెద్ద కరెంటు లైన్ల ఎత్తు వేరు. ఎన్టీపీసీ నుంచి పోయే 400 కిలోవోల్టుల లైన్లు ఎక్కడో పైన ఉంటాయి. వాటి కింద సీబీలో చిటపట చప్పుడు పెరుగుతుందే తప్ప ఏరియల్‌కు అందవు. ఊళ్లో వేపకొమ్మలు రెండు విరిగాయి. ఆ తర్వాత పొలం బాట పట్టాము. మోటారు బావికి పోయే తీగ బాట మీదుగా వంగి ఉంది. బావమరిది బ్రేకు తొక్కాడు. దిగి చూస్తే కర్ర కొసకూ తీగకూ నడుమ జానెడు కూడా లేదు.

1956 నాటి విద్యుత్ నియమాలు వీధి దాటే తీగ 19, 20 అడుగుల ఎత్తున ఉండాలన్నాయి. వీధి కాని చోట, అంటే మన పొలాల్లో, 11 కిలోవోల్టుల వరకూ 15 అడుగులు చాలన్నాయి. బండి నెత్తి ఆరడుగులు, ఏరియల్ తొమ్మిది. కలిపితే సరిగ్గా పదిహేను! అదీ తీగ వంగకుండా, నియమం ప్రకారం ఉన్న చోట సంగతి. మన పొలాల్లో స్తంభాలు ఒరిగిన చోట్లు ఎన్నో రైతులకు చెప్పనక్కరలేదు.

వెదురు స్థానంలో ఇనుప కమ్మీ ఉండి తాకితే కరెంటు బండి రేకులోకి వస్తుంది. రబ్బరు టైర్లు కాపాడతాయన్నది భ్రమ. అలాంటప్పుడు సరఫరా ఆపించే దాకా బండిలోనే కూర్చోవాలి. మంటలు లేస్తే తప్ప దిగరాదు. దిగక తప్పకపోతే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ జోడించి దూకి, పాదాలు ఎత్తకుండా జరుగుతూ దూరం పోవాలి. నేల మీదున్న వాళ్లు బండిని ముట్టుకోరాదు.

గనుల్లోకి పోయే బండ్లకు మరో చిక్కు. డంపర్ నడిపే మనిషికి దగ్గరలోని చిన్న బండి కనబడదు. అందుకే జీపులకు పొడవాటి కర్రతో జెండా కడతారు. ఆ కర్రకే ఏరియల్ కట్టేద్దామని బావమరిది ఉపాయం. మెకానిక్ ఒప్పుకోలేదు. జెండా ఊగితే ఏరియల్ ఊగుతుంది, మాట తెగిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది బ్లాస్టింగ్. విద్యుత్ డిటోనేటర్ల తీగలు కూడా ఏరియల్‌లా పనిచేసి, దగ్గరలో మీట నొక్కిన సెట్టు శక్తిని లాగుకోగలవు. మందు నింపే చోటికి సెట్టు కట్టేయకుండా పోరాదు. గని అధికారుల అనుమతి లేకుండా సెట్టు లోపలికి తీసుకుపోనే కూడదు.

చివరకు నాలుగడుగుల పొట్టి ఏరియల్‌కు ఖాయమైంది. అడుగున తీగచుట్టతో పొడవు లోటు కొంత పూడుస్తారు. తొమ్మిదడుగుల దానంత దూరం మాట పోదు. నడి నెత్తిన, కింద స్ప్రింగుతో, మొత్తం పదడుగులు. సెట్టు వచ్చాక తలుపులు మూసి మీటరు పెట్టి చూసి, అది 2 దాటితే కొస సవరించాలని మెకానిక్ చెప్పాడు.

పొలం తీగ సంగతి లైన్‌మన్‌కు చెప్పి వారమైంది. ఇంకా వంగే ఉంది. వెదురు కర్రను మెకానిక్ పారేయలేదు. ఏరియల్ అడగవచ్చిన ప్రతి బండికీ ముందు దాన్నే కట్టి పంపుతున్నాడు.