అరటిపండులోని డి.ఎన్.ఏ. : తెల్లని పోగు చెప్పేది, చెప్పనిది

మహబూబాబాద్ జిల్లా (పూర్వపు వరంగల్ జిల్లా) కేసముద్రం మార్కెట్ యార్డుకు పత్తి, మిరప, పసుపు, పెసలు తెచ్చే కుటుంబాల పిల్లలకు 'జన్యువు' అనే మాట కన్నా 'నకిలీ విత్తనం' అనే మాట ముందుగా తెలుస్తుంది. ఇటువంటి చోట పాఠశాలలో పండు నుండి డి.ఎన్.ఏ.ను వేరుచేసి చూపితే, గ్లాసులో తేలిన తెల్లని పోగును చూసిన విద్యార్థి అడగదగిన ప్రశ్న ఒకటే: దీనిని బట్టి విత్తనం అసలుదో నకిలీదో చెప్పవచ్చునా? చెప్పలేము. ఎందుకు చెప్పలేమో వివరించగలిగినప్పుడే ఈ ప్రయోగం వినోద ప్రదర్శన స్థాయిని దాటి పాఠం అవుతుంది.

ప్రయోగం సులభమైనదే. బాగా పండిన అరటిపండు సగం తీసుకొని మెత్తగా నలపాలి. అర గ్లాసు నీటిలో అర చెంచా ఉప్పు, రెండు చెంచాల పాత్రలు తోమే ద్రవ సబ్బు నురుగు రాకుండా కలిపి, ఆ గుజ్జుకు చేర్చి పది నిమిషాలు ఉంచాలి. కణ త్వచమూ కేంద్రక త్వచమూ ప్రధానంగా కొవ్వు పదార్థాలతో నిర్మితమైనవి గనుక, జిడ్డును విడదీసినట్లే సబ్బు వాటిని కూడా విడదీస్తుంది. తరువాత పలుచని నూలు గుడ్డతో వడగట్టి, ఆ ద్రవంపై అంతే పరిమాణంలో మంచులో చల్లబరచిన స్పిరిటును గ్లాసు అంచు వెంబడి నెమ్మదిగా పోయాలి. డి.ఎన్.ఏ.లోని ఫాస్ఫేటు భాగాలకు ఋణావేశం ఉంటుంది. ఉప్పులోని సోడియం అయాన్లు దానిని తటస్థపరుస్తాయి. అప్పుడు ఆల్కహాలులో కరగలేని డి.ఎన్.ఏ. రెండు పొరల మధ్య పోగులుగా తేలుతుంది. చీపురు పుల్లతో దానిని చుట్టి పైకి తీయవచ్చు. గుజ్జును మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే పొడవైన అణువులు తెగిపోయి పోగు సరిగా రాదు. జెల్ రూపంలోని శానిటైజరు స్పిరిటుకు బదులు పనికిరాదు. దానిని చిక్కబరచే పదార్థమే ఉప్పు తగిలి ముద్దకట్టి అయోమయం కలిగిస్తుంది. స్పిరిటు దగ్గర దీపం గాని పొయ్యి గాని ఉండరాదు.

విదేశీ పాఠ్యపుస్తకాలలో ఈ ప్రయోగానికి స్ట్రాబెర్రీ వాడతారు. అది అష్టస్థితికం, ఒక్కొక్క కణంలో ఎనిమిది జతపరుల క్రోమోజోములు, అంటే మొత్తం 56 ఉంటాయి. మనకు దాని కోసం వెతకవలసిన పని లేదు. మనం తినే అరటి రకాలలో అధికభాగం త్రిస్థితికాలు; 33 క్రోమోజోములు గలవి. మాంసం త్వరగా ఉడకడానికి పచ్చి బొప్పాయి ముక్క వేయడం మన వంటిళ్లలో ఉన్నదే. అందులోని పపెయిన్ ఎంజైము ప్రొటీన్లను ఛేదిస్తుంది. వడగట్టిన ద్రవంలో కొద్దిగా పచ్చి బొప్పాయి రసం కలిపి చూస్తే, డి.ఎన్.ఏ.ను అంటిపెట్టుకున్న ప్రొటీన్ల పాత్రను వివరించడానికి అవకాశం కలుగుతుంది.

ఇక అసలు చిక్కు. ఆ తెల్లని పదార్థం డి.ఎన్.ఏ.యే అని ఎట్లా తెలుసు? డి.ఎన్.ఏ. గొలుసు మందం రెండు నానోమీటర్లు మాత్రమే. విడిగా కంటికి కనబడదు. మనం చూసేది అసంఖ్యాకమైన గొలుసులు చిక్కుపడిన ముద్ద. అందులో ఆర్.ఎన్.ఏ., ప్రొటీన్లు, పండులోని పెక్టిన్ కూడా ఉంటాయి. పెక్టిన్ సైతం ఆల్కహాలులో తెల్లగా, జిగురుగా అవక్షేపమవుతుంది. కోడిగుడ్డు తెల్లసొనలో డి.ఎన్.ఏ. దాదాపు ఉండదు. అయినా దానిపై స్పిరిటు పోస్తే తెల్లని తుంపులు ఏర్పడతాయి. ఈ గ్లాసును అరటిపండు గ్లాసు పక్కన పెట్టకుండా ప్రయోగం ముగించడం పొరపాటని నా అభిప్రాయం. 'తెల్లగా ఉన్నది గనుక డి.ఎన్.ఏ.' అనే నిర్ధారణ ఆ పక్క గ్లాసు ముందు నిలవదు.

ఇదే ప్రశ్నను 1869లో ఫ్రెడరిక్ మీషర్ ఎదుర్కొన్నాడు. జర్మనీలోని ట్యూబింగెన్‌లో, శస్త్రచికిత్స కట్టుగుడ్డలకు అంటిన చీములోని తెల్ల రక్తకణాల నుండి అతడు కొత్త పదార్థాన్ని వేరుచేసి 'న్యూక్లీన్' అన్నాడు. అది ప్రొటీను కాదనడానికి అతడు చూపిన ముఖ్యమైన ఆధారం రంగు కాదు, అందులో అధికంగా ఉన్న భాస్వరం. (భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతి ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలలలో వాడుకలోకి వచ్చిందన్న సంగతి ఇక్కడ పిల్లలకు చెప్పదగినది.) పాఠశాలలో ఆ పరీక్ష సాధ్యం కాదు. కళాశాల ప్రయోగశాలలో మాత్రం, ఆ పోగును డైఫినైలమీన్ కారకంతో మరిగించి, డీఆక్సీరైబోజ్ చక్కెర వలన వచ్చే నీలి రంగును చూపవచ్చు. ఆ కారకంలో గాఢ ఆమ్లాలు ఉంటాయి గనుక ఆ పని అధ్యాపకుడే చేయాలి.

రెండవ ప్రశ్న విత్తనానిది. తేజ మిరప ఘాటైనది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిరప ఎర్రని రంగుకు పేరుపొందినది, ఘాటు తక్కువ. ఈ రెండింటి నారు లేత ఆకులను ఇదే విధంగా పరీక్షిస్తే, అరటిపండులో వచ్చినంత బాగా రాకపోయినా, రెండింటిలోనూ వచ్చేది ఒకే తెల్లని పదార్థం. ఘాటుకు, రంగుకు సంబంధించిన భేదాలు సుమారు మూడు వందల కోట్ల క్షారజంటల వరుసలో ఉన్నాయి. పోగు రూపంలో లేవు. డి.ఎన్.ఏ.ను వేరుచేయడం ఒక పని, చదవడం మరొక పని. చదవడానికి శుద్ధమైన నమూనా కావాలి. పత్తి ఆకులోని పాలీఫినాళ్లు డి.ఎన్.ఏ.ను గోధుమ రంగుకు మార్చి పాడుచేస్తాయి గనుక సబ్బు, ఉప్పు చాలవు. సీటాబ్ వంటి ప్రత్యేక ద్రావణాలు వాడతారు. ఆ తరువాత పీసీఆర్ ద్వారా ఎంచుకున్న భాగాలను విస్తరింపజేసి, జెల్‌పై పట్టీలను పోల్చుతారు. సంకర విత్తనంలో తల్లి పట్టీ, తండ్రి పట్టీ రెండూ కనబడాలి. ఒకటే కనబడితే అది ఆత్మపరాగ సంపర్కం వలన ఏర్పడిన గింజ కావచ్చును.

రైతుకు దీని విలువ కాలంలో ఉన్నది. జన్యు స్వచ్ఛతను పొలంలో పెంచి చూసే పరీక్షకు దాదాపు ఒక పంట కాలం పడుతుంది. ఫలితం వచ్చేసరికి విత్తే అదను దాటిపోతుంది. అణు సూచికల పరీక్ష కొద్ది రోజులలో ముగుస్తుంది. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ బాస్మతి బియ్యంలో కల్తీని ఈ విధమైన పరీక్షలతోనే గుర్తించింది. బీటీ పత్తికి గ్రామాలలో చూపే కాగితపు పట్టీ పరీక్ష మాత్రం డి.ఎన్.ఏ. పరీక్ష కాదు; అది క్రై ప్రొటీను ఉన్నదీ లేనిదీ మాత్రమే తెలుపుతుంది. ప్యాకెట్టుపై ఉన్న సంకర రకమే లోపల ఉన్నదా అన్నది దానితో తేలదు. ఈ భేదం విస్తరణ సమావేశాలలో తరచుగా మరుగున పడుతున్నది.

కాబట్టి పాఠశాలకు వెళ్లే విస్తరణ శాస్త్రవేత్త అరటిపండు, స్పిరిటుతో పాటు ఒక కోడిగుడ్డు, తల్లి, తండ్రి, సంకరం మూడు వరుసలూ కనబడే ఒక జెల్ ఛాయాచిత్రం తీసుకువెళ్లాలి. ముప్పావు గంట చాలును. పోగు తేలేలోపు ఉన్న పది నిమిషాలలో, పిల్లలు ఇంటి నుండి తెచ్చిన ఖాళీ విత్తన ప్యాకెట్లపై లాటు సంఖ్య, మొలక శాతం, గడువు తేదీ ఎక్కడ ఉన్నాయో వారిచేతనే చదివించవచ్చు.