సముద్రగర్భపు వార్త

శ్రీకాకుళము జిల్లాలోని కళింగపట్నమునకు గాని, విజయనగరము జిల్లాలోని కోనాడకు గాని వేకువజామున పోయి చూచినచో, కెరటములపైకి తెప్పలను నెట్టుచున్న జాలరులు కనబడుదురు. గాలివాన రాకను ఆకాశము వారికి కొంత తెలుపును. కాని సముద్రగర్భమున భూమి కదలిన సంగతిని ఆకాశము తెలుపదు.

2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీ ఉదయమున సుమత్రా దీవి చెంత సముద్రపు అడుగున 9.1 పరిమాణము గల భూకంపము సంభవించెను. అందు పుట్టిన సునామీ కెరటములు మన తూర్పు తీరమును చేరుటకు రెండు గంటలకు పైగా పట్టెను. భూకంప తరంగములో, కొలది నిమిషములలోనే మన యంత్రములను కదలించెను. వార్త ముందే వచ్చినది. దానిని తీరవాసులకు అందించు ఏర్పాటు మాత్రము నాడు లేదు. మన దేశమున పదివేలకు పైగా జనులు మరణించిరి.

ఆ కొఱతను తీర్చుటకై 2007వ సంవత్సరము అక్టోబరులో హైదరాబాదున సునామీ హెచ్చరిక కేంద్రము నెలకొల్పబడినది.

అచ్చటి లెక్కకు మూలమిది. భూకంపము నుండి వేగము గల తరంగమొకటియు, మందగతి తరంగమొకటియు బయలుదేరును. మెఱుపునకును ఉఱుమునకును నడిమి వ్యవధిని బట్టి పిడుగు దూరమును ఊహించునట్లే, ఈ రెంటి వ్యవధిని బట్టి భూకంప దూరము తెలియును. దూరము మాత్రము తెలిసిన చాలదు, దిక్కు తెలియవలెను. అందుచే మూడు పరిశీలన స్థానముల చుట్టును ఆయా దూరములతో వృత్తములు గీసినచో, అవి కలిసికొనిన తావే భూకంప స్థానము.

ఇట్టి లెక్కలను నిమిషములలో ముగించుటకు పెక్కు కంప్యూటరులు పని పంచుకొనును. పెండ్లి వంటలో ఒకరు కూరలు తరుగగా, ఒకరు పొయ్యి చూడగా, మఱియొకరు వడ్డింపరా? అట్లే ఒక కంప్యూటరు సంకేతములను స్వీకరించును. ఒకటి తరంగము తాకిన క్షణమును గుర్తించును. వేఱొకటి స్థానమును, పరిమాణమును గణించును. వీనిని కలుపు సాఫ్టువేరు ఫలితములను తెరపై పటములుగా చూపును. జర్మనీలోని పోట్స్‌డామ్ శాస్త్రజ్ఞులు రూపొందించిన సైస్‌కాంప్ అట్టిదే. యంత్రము పొరబడినచో శాస్త్రజ్ఞుడు తెరపైని గుర్తును జరిపి సరిదిద్దును.

2012వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన సుమత్రాకు పడమట 8.6 పరిమాణము గల భూకంపము వచ్చినను పెద్ద సునామీ పుట్టలేదు. భూఫలకములు ప్రక్కలకు జరిగినవే గాని సముద్రతలము అంతగా పైకి లేవలేదు. కావున భూకంపవార్తతోపాటు సముద్రమట్టమును కొలుచు పరికరముల సాక్ష్యమును గూడ చూడవలెను. హెచ్చరిక ఆలస్యమైనచో ప్రాణములు పోవును. నిష్కారణముగా పలుమారు వచ్చినచో జనులు నమ్మరు.

యంత్రమెంత త్వరపడినను కడపటి అడుగు మనదే. సముద్రము అకస్మాత్తుగా వెనుకకు తగ్గి అడుగునేల బయటపడినచో, గవ్వలేరుటకు పోక మెట్టకు పరుగెత్తవలెను. ఇరుగుపొరుగువారిని వెంటబెట్టుకొని పోవలెను.