ఆకాశంలో చుక్కలా... ఈఎంఐ చుక్కలా?

పక్షుల కోసం, నక్షత్రాల కోసం ఖరీదైన బైనాక్యులర్ కొనాలా? ఉద్యోగం రాకముందే కొని దెబ్బతిన్నవాడి లెక్క ఇది.

ఆఫర్ లెటర్ వచ్చిన రోజు మీరైతే ముందు ఏం చేస్తారు? ఇంట్లో చెబుతారు. ఫ్రెండ్స్‌కి బిర్యానీ తినిపిస్తారు. నేను ఆ రెండూ చేసి, మూడో పని కూడా చేశా. మా అన్నయ్య క్రెడిట్ కార్డు మీద 46,000 రూపాయల బైనాక్యులర్ ఆర్డర్ పెట్టా. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 3,833. ‘వచ్చే నెలే జాయినింగ్. మొదటి జీతం నుంచి నేనే కట్టేస్తా’ అని ధీమాగా చెప్పా.

ఆ ‘వచ్చే నెల’ రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. జాయినింగ్ తేదీ వాయిదా పడిందంటూ మెయిల్ మీద మెయిల్. మొదటి రెండు వాయిదాలు దాచుకున్న డబ్బుతో కట్టా. తర్వాతి రెండూ జూనియర్లకు ప్రాజెక్టులు చేసిపెట్టి కట్టా. ఆ తర్వాత అన్నయ్య అడగడం మానేశాడు. ఆ నాలుగు నెలలూ తనే కట్టుకున్నాడని, అందుకోసం బండికి అరిగిపోయిన టైర్లు మార్చకుండా నెట్టుకొచ్చాడని చాలా ఆలస్యంగా తెలిసింది. చుక్కలు చూద్దామని కొన్న వస్తువు ఇంట్లోవాళ్లకి పగలే చుక్కలు చూపించింది.

మీలో కొందరు ఇప్పుడు అదే మెట్టు మీద ఉండి ఉంటారు. చేతిలో ఆఫర్ ఉంటుంది, లేదా ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ ఉంటుంది. పక్షుల మీదో, నక్షత్రాల మీదో కొత్తగా మోజు పుట్టి ఉంటుంది. ‘కొంటే మంచిదే కొనాలి, లేకపోతే దండగ’ అని ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూద్దాం.

8×42 అంటే ఏంటి?

బైనాక్యులర్ మీద రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందున్న పెద్ద లెన్స్ వెడల్పు, మిల్లీమీటర్లలో. ఎక్కువ రెట్లు ఉంటే ఎక్కువ మంచిదనుకుంటాం. కాదు. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. మామూలు మనిషి చేత్తో పట్టుకుని చూడగలిగేది 8 లేదా 10 రెట్ల వరకే. రెండు మూడు వేలకు ‘100×’ అని రాసి అమ్మేవి కొనొద్దు. మెరిసే ఎర్రటి లెన్సులు ఉన్నవీ వద్దు.

ఇప్పుడు రెండో అంకెను మొదటి అంకెతో భాగించండి. 42ని 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు. మన కంటికి చేరే వెలుగు కట్ట వెడల్పు అది. పగటి వెలుతురులో మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది. అంటే మిట్టమధ్యాహ్నం ఆ 5.25లో చాలా భాగం వృథా. చీకట్లో మీ వయసువాళ్ల కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. అప్పుడు ఆ వెలుగంతా లోపలికి వెళ్తుంది. పెద్ద లెన్స్ విలువ తెలిసేది తెల్లవారుజామున, సంధ్య వేళ, రాత్రి పూట. పగలు పక్షులు చూడటానికి 8×32 కూడా సరిపోతుంది.

డబ్బంతా ఎక్కడికి పోతోంది?

పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటీ దాని మీద పడిన వెలుగులో దాదాపు 4 శాతాన్ని వెనక్కి తిప్పేస్తుంది. బైనాక్యులర్‌లో ఒక్కో వైపు పదికి పైగా ఉపరితలాలుంటాయి. అందుకే ‘ఫుల్లీ మల్టీ కోటెడ్’ అన్న మాటకు అంత విలువ. ఈ పూత ఇప్పుడు పది వేల రూపాయల వస్తువుల్లోనూ దొరుకుతోంది.

రెండోది ప్రిజం. కింది నుంచి పైకి మెలిక తిరిగినట్టుండే పాతకాలం మోడల్ పోరో ప్రిజం. రెండు తిన్నని గొట్టాల్లా ఉండేది రూఫ్ ప్రిజం. రూఫ్ ప్రిజం అందంగా ఉంటుంది, సంచిలో ఇముడుతుంది. కానీ స్పష్టమైన బొమ్మ రావాలంటే దానికి ఫేజ్ కరెక్షన్ పూత కావాలి, వెలుగు తగ్గకుండా మంచి అద్దం పూత కూడా కావాలి. పోరోకు ఈ ఖర్చులు అక్కర్లేదు. అందుకే పది వేల లోపు బడ్జెట్‌లో పోరో బొమ్మ, అదే ధర రూఫ్ కంటే సాధారణంగా బాగుంటుంది. చూడటానికి తాతగారి బైనాక్యులర్‌లా ఉంటుంది, అంతే!

ఆ పైన పెట్టే డబ్బు ఈడీ గాజుకు, అంచుల దాకా స్పష్టతకు, నీరు చొరబడని బాడీకి, నైట్రోజన్ నింపిన గొట్టాలకు, ఏళ్ల తరబడి ఉండే వారంటీకి వెళ్తుంది. జర్మనీకి చెందిన జైస్, లైకా, ఆస్ట్రియాకు చెందిన స్వరోవ్‌స్కీ ఈ మెట్టు మీద పైన ఉన్న పేర్లు. 2020లో వచ్చిన స్వరోవ్‌స్కీ ఎన్‌ఎల్ ప్యూర్ 8×42 కిలోమీటరు దూరంలో 159 మీటర్ల వెడల్పు దృశ్యాన్ని ఒకేసారి చూపిస్తుంది. మామూలు 8×42లో అది 130 మీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. తేడా నిజం. ధర కూడా నిజమే, మన దగ్గర రెండు లక్షల పైమాటే.

నేలపట్టులో రెండూ మెడలో వేసుకుని

నా 46,000 వస్తువును 29,000కు అమ్మేసి, అన్నయ్య బాకీ తీర్చి, మిగిలిన దాంట్లోంచి 9,500 పెట్టి 10×50 పోరో కొనుక్కున్నా. మొన్న చలికాలంలో తిరుపతి జిల్లా నేలపట్టుకు వెళ్లినప్పుడు, తోడు వచ్చిన ఓ పెద్దాయన తన రెండు లక్షల పైచిలుకు 8×42ను ఒక పూట నా చేతిలో పెట్టారు. మెడలో అదీ, నాదీ రెండూ వేసుకుని చూశా.

తెల్లవారుజామున తేడా బాగా తెలిసింది. చెట్ల మీద గూడబాతులు నా దాంట్లో బూడిదరంగు ముద్దలుగా ఉన్నప్పుడే, ఆయన దాంట్లో ముక్కు మీది మచ్చలు కనిపించాయి. సూర్యుడి పక్కగా తెల్ల కొంగ ఎగిరితే నా దాంట్లో అంచున ఊదారంగు గీత వచ్చింది, ఆయన దాంట్లో లేదు. మూడు గంటలు చూశాక నా కళ్లు లాగాయి, మెడ పట్టేసింది. ఆయన దాంతో ఆ అలసట లేదు.

ఎండ ఎక్కాక మాత్రం ఎర్రకాళ్ల కొంగ వీపు మీది గులాబీ ఈకలు రెండింట్లోనూ గులాబీగానే ఉన్నాయి. ఆ పూట గుర్తుపట్టిన పక్షుల జాబితా రాసుకుంటే, ఖరీదైన దాని వల్ల మాత్రమే గుర్తుపట్టినది ఒక్కటీ లేదు.

ఆ మాటకొస్తే నాకు అసలు పాఠం గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు గట్టు మీద ఎప్పుడో అయింది. 46,000 వస్తువుతో నేను ఓ మట్టిరంగు పక్షిని పట్టుకుని పుస్తకం తిరగేస్తుంటే, పక్కన పశువులు తోలుకెళ్తున్న ఆయన ఉత్త కళ్లతో చూసి, ‘గుడ్డి కొంగ బాబూ, లేచినప్పుడు చూడు, రెక్కలు తెల్లగా ఉంటాయి’ అన్నాడు. లేచింది. తెల్లగానే ఉన్నాయి.

చుక్కల దగ్గర లెక్క ఇంకా తేలిక

ఒక బైనాక్యులర్ 80 శాతం వెలుగు పంపిస్తుంది, ఇంకోటి 90 శాతం పంపిస్తుంది అనుకుందాం. రెండోది కంటికి చేర్చే వెలుగు 12.5 శాతం ఎక్కువ. నక్షత్రాల ప్రకాశాన్ని కొలిచే మాగ్నిట్యూడ్ లెక్కలో అది 0.13 మాత్రమే. కంటికి దాదాపు తెలియదు. అదే 42 మిల్లీమీటర్ల లెన్స్ నుంచి 50కి వెళ్తే వెలుగు సుమారు 42 శాతం పెరుగుతుంది, అంటే 0.38 మాగ్నిట్యూడ్. అందుకే ఆ రాత్రి ఊరి బయట నా 9,500 వస్తువు, ఆయన దానికంటే మసక చుక్కల్ని కాస్త ఎక్కువే చూపించింది. ఆయన దాంట్లో చుక్కలు అంచు దాకా సూదిమొనల్లా ఉన్నాయి, నా దాంట్లో అంచుల్లో తోకలు వచ్చాయి. అదీ తేడా.

అసలు పెద్ద అంకె వేరే ఉంది. నగరం నడిబొడ్డున కంటికి మూడో మాగ్నిట్యూడ్ దాకా కనిపిస్తే గొప్ప. అక్కడ ఆకాశం మొత్తం మీద వంద చుక్కలు కూడా ఉండవు. దీపాలు లేని పల్లెలో ఆరో మాగ్నిట్యూడ్ దాకా కనిపిస్తుంది. మూడు మాగ్నిట్యూడ్లంటే దాదాపు 16 రెట్లు మసక చుక్కలు! రెండు లక్షలు పెట్టి 0.13 కొనుక్కుంటారా, పల్లెవెలుగు బస్సెక్కి మూడు కొనుక్కుంటారా?

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, అమావాస్య దగ్గర్లో అయితే, రాత్రి డాబా ఎక్కండి. మన పెద్దవాళ్లు పిల్లలకోడి అనే కృత్తికల గుంపులో కంటికి ఆరేడు చుక్కలు కనిపించేచోట బైనాక్యులర్‌లో డజన్లకొద్దీ కనిపిస్తాయి. వరుసగా ఉండే మూడు చుక్కల ఓరియన్ నడుము కింద మబ్బు తునకలాంటి నెబ్యులా ఉంటుంది. 1610లో గెలీలియో తన దూరదర్శినితో కనిపెట్టిన గురుగ్రహపు నాలుగు చంద్రులు, గోడకు మోచేతులు ఆనించి కదలకుండా చూస్తే 10×50లో దొరుకుతాయి. శని వలయాలు మాత్రం రావు. వాటికి టెలిస్కోప్ కావాల్సిందే. ఎంత ఖరీదైన 10×50 కొన్నా రావు.

ఇంకో సంగతి. ఏప్రిల్, మే రాత్రుల్లో మన దక్షిణాకాశంలో ఒమేగా సెంటారీ అనే చుక్కల బంతి వస్తుంది, సుమారు కోటి నక్షత్రాల గుంపు. ఇది ఆస్ట్రియాలో ఆ ఖరీదైన బైనాక్యులర్లు తయారయ్యే ఊరి నుంచి ఎప్పటికీ కనిపించదు, అక్కడ అది దిగంతం పైకే రాదు. మన డాబా మీద పది వేల వస్తువుకు కనిపిస్తుంది.

మరి ఎవరు కొనాలి?

ఖరీదైనవి మోసం అని నేను అనను. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలోనో, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లోనో వన్యప్రాణుల కోర్సు చేసి, రోజుకు ఆరేడు గంటలు అడవిలో చూడటమే పనిగా పెట్టుకునేవాళ్లకు ఆ కంటి సుఖం, ఆ తెల్లవారుజాము స్పష్టత, వానకు తట్టుకునే బాడీ పనిముట్లే. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ‘ఐ రిలీఫ్’ 15 మిల్లీమీటర్లకు పైన ఉన్నది ఎంచుకోవాలి, దానికి కొంచెం ఎక్కువ పెట్టినా తప్పులేదు. మిగతావాళ్లకు నా లెక్క ఇది: పది వేల దాకా పెట్టే ప్రతి వెయ్యికీ తేడా కళ్లకు కనిపిస్తుంది. ఇరవై వేల దాకా సుఖం కనిపిస్తుంది. ఆ పైన చివరి కొద్ది శాతానికి కడతారు.

ఇంజినీరింగ్‌లో మనకు నేర్పిన మాటే. ఏ వ్యవస్థలోనైనా అడ్డం పడుతున్నది ఏదో ముందు కనుక్కోవాలి. మన విషయంలో అడ్డం గాజు కాదు. వెలుతురు నిండిన ఆకాశం, వణికే చెయ్యి, చూసిన గంటలు తక్కువ కావడం. ఈ మూడింటికీ ఖర్చు బస్సు చార్జీ, ఓ గోడ, పొద్దున్నే అలారం. ఈబర్డ్ యాప్‌లో చూసినవి ఎక్కించుకోవడం, స్టెలేరియంలో ఆకాశం వెతుక్కోవడం రెండూ ఉచితమే. నేను ఈబర్డ్‌లో పెట్టిన చెరువు లెక్కల్ని పైథాన్‌లో గ్రాఫులు గీసి రెజ్యూమేలో ఓ లైను రాసుకున్నా. ఇంటర్వ్యూలో దాని మీద పది నిమిషాలు అడిగారు. ఏ బ్రాండుతో చూశావని మాత్రం అడగలేదు.

కొనేముందు ఇవి చూడండి

• బైనాక్యులర్‌ను చేయి చాచి వెలుతురు వైపు పట్టుకోండి. కంటివైపు లెన్సులో వెలుగు చుక్క గుండ్రంగా ఉండాలి. మూలలు కోసినట్టు ఉంటే ప్రిజం నాసిరకం.

• దూరంగా ఉన్న బోర్డును నిమిషం చూడండి. రెండు బొమ్మలుగా విడిపోయినా, తల నొప్పి పుట్టినా గొట్టాల అమరిక సరిలేదు. వద్దు.

• సెకండ్ హ్యాండ్ అయితే టార్చి వేసి లోపల ఫంగస్ చూడండి. కోస్తా తేమకు అది త్వరగా పడుతుంది. కొన్నాక సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో ఉంచండి.

• ట్రైపాడ్ మర ఉందో లేదో చూడండి. రాత్రి పూట అదే సగం బలం.

• ఏ ధర దాంతోనైనా సూర్యుడిని చూడొద్దు. క్షణంలో కళ్లు పోతాయి.

• రాని జీతం మీద ఈఎంఐ వద్దు. నో కాస్ట్ అయినా వద్దు. ముందు ఎవరి దగ్గరైనా అడిగి, నాలుగు ఆదివారాలు చూసి, ఐదో ఆదివారం కూడా లేవాలనిపిస్తే కొనండి.

పోయిన పండక్కి అన్నయ్యను డాబా మీదకు తీసుకెళ్లి, గోడకు మోచేతులు ఆనించమని గురుగ్రహం చూపించా. చాలాసేపు చూశాడు. పక్కన చిన్న చుక్కలు మూడు ఉన్నాయన్నాడు. కాసేపటికి నాలుగోది కూడా దొరికింది. బైనాక్యులర్ కిందికి దించి, ‘ఏరా, దీనికెంత పెట్టావు?’ అన్నాడు.

‘9,500. మొత్తం ఒకేసారి కట్టేశా’ అన్నా. నవ్వి మళ్లీ కళ్లకు పెట్టుకున్నాడు.