మోటారు సైకిలుపై వీపుదిండు

నంద్యాలనుండి మహానందికి సుమారు 15 కిలోమీటర్లు. పెద్ద దూరమేమియు కాదు. అయినను కుమారుని వెనుక మోటారు సైకిలుపై కూర్చుండి వచ్చిన తండ్రి, దిగిన వెంటనే నడవలేక నడుము పట్టుకొని నిలుచుట చూచుచుందుము. ఆయన వీపునకు ఆధారముగా అమర్చిన దిండే ఆయనను దారి పొడవునను ముందునకు నెట్టుచుండును. వృద్ధులకు మేలు చేయదలచి చేయించిన ఏర్పాటే వారికి శిక్షయగుచున్నది.

పానా పట్టుటకు ముందు నడుపువాడెచ్చట కూర్చున్నాడో చూడవలెను. ఆతడు రెండంగుళములు ముందునకు జరిగిన చాలునేమో! లేనిచో దిండు మందము చూడుడు. రెండంగుళముల దిండునకు బదులు అంగుళము దిండు వేసినచో, ఇనుమును కదల్పకయే అంగుళము చోటు దొరకును.

అప్పటికిని చాలనిచో దిండును వెనుకకు జరుపవలెను. దానిని మోయు ఇనుప పట్టీలకు పొడవైన గాడులున్నచో, బోల్టులను వదులు చేసి, రెండు వైపులను సమానముగా జరిపి బిగించిన సరిపోవును. గాడులు లేనిచో మందమైన ఉక్కుపట్టీ జతచేయింపవలెను. పలుచని రేకు కుదుపులకు విరుగును.

ఎంత జరుపవచ్చును? కూర్చున్నవారు సీటు అంచు దాటరాదు. మనిషి వెనుకకు జరిగిన కొలది ముందు చక్రముపై బరువు తగ్గును; వెనుక ఇరుసును దాటినచో ఆ బరువు ముందు చక్రమును పైకెత్తుటకే పనిచేయును. గాజులపల్లె మీదుగా నల్లమల ఘాటు ఎక్కి గిద్దలూరు పోవువారికి ఇది ప్రాణముతో కూడిన విషయము. ఎగువదారిలో ముందు చక్రము మరింత తేలికపడును గదా!

కొందరు దిండు కొరకై పట్టుకమ్మినే ఊడదీయింతురు. ఇది తగని పని. వెనుక కూర్చుండువారికి పట్టుకమ్మియు, కాళ్లు మోపుటకు ఆధారమును, బట్టలు చక్రములో చిక్కుకొనకుండ వెనుక చక్రమును కనీసము సగమైనను కప్పు అడ్డును ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు చెప్పుచున్నవి. ఒక ప్రక్కకు తిరిగి కూర్చుండు స్త్రీలకు వీపుదిండు ప్రక్క ఆసరా మాత్రమే. వారిని కాపాడునవి ఆ కమ్మియు, ఆ అడ్డును. వెనుక దీపము, నంబరు పలక మరుగుపడకుండ చూచుట మరువరాదు.

క్రొత్తగా బిగించిన పట్టీలు మొదటి కుదుపులలో సర్దుకొని వదులగును. కావున మహానంది చేరిన పిదప నట్టులను మరల బిగింపవలెను. తండ్రిగారు కోనేట స్నానము చేసి వచ్చులోపల ఆ పని తీరును.